కుక్కకు వేసిన పిడుదుల మందు పిల్లికి తగిలితే

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇది చూసే మిగతావాళ్ల కోసం సంగతి క్లుప్తంగా చెబుతాను. విజయవాడలో మీ ఇంట్లో ఆరేళ్ల లాబ్రడార్ రాకీ, రెండేళ్ల పిల్లి చిన్ని ఉన్నాయి. రాకీ చెవుల్లో పిడుదులు కనబడ్డాయని షాపులో ఇచ్చిన చుక్కల మందు శనివారం రాత్రి దాని మెడ మీద వేశారు. గొట్టం అడుగున కాస్త మిగిలితే, పారేయడం ఎందుకని చిన్ని మెడకు కూడా రాశారు. ఆదివారం పొద్దున చిన్ని చెవులు అదరడం, కాళ్లు విదిలించడం మొదలై, మధ్యాహ్నానికి ఒళ్లంతా వణుకు పట్టుకుంది. మీ డాక్టరుగారు రెండు రోజులు సెలైన్ మీద ఉంచి బతికించారు. రాకీ ఆ రాత్రంతా మెడ గోక్కుంది. మంగళవారం నుంచి నీరసంగా పడుకుంటోంది, తిండి సగం వదిలేస్తోంది. ఆ మందు నకిలీదా, చిన్నికి ఏమైనా లోపం మిగిలిపోతుందా, ఇక ఏ మందూ వాడకూడదా అని అడిగారు.

నేను పశువైద్యుణ్ని. 27 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. అందులో సగం ప్రభుత్వ ఆసుపత్రుల్లో, మిగతా సగం సొంత క్లినిక్‌లో. మీ మూడు ప్రశ్నల కంటే ముందు, మీరు అడగనిది ఒకటి చెప్పాలి.

రాకీకి ఇవాళే రక్తపరీక్ష చేయించండి. చిన్ని చావు దాకా వెళ్లి వచ్చింది కాబట్టి మీ ఆలోచనంతా దాని మీదే ఉంది. నన్ను కంగారు పెడుతున్నది మాత్రం రాకీ. మెడ గోక్కోవడం మందు వల్లే. ఆ రకం మందు చర్మం మీద పడ్డప్పుడు కొన్ని కుక్కలకు చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే పోతుంది. కానీ మూడో రోజున మొదలైన నీరసం, తిండి మానేయడం ఆ చుక్కల పని కాదు. ఆ మందు హాని చేసేదైతే గంటల్లో, మహా అయితే మొదటి రెండు మూడు రోజుల్లో వణుకుగానో తూలుడుగానో కనబడాలి. వణుకూ తూలుడూ ఏమీ లేకుండా, ఆలస్యంగా వచ్చిన ఈ మందకొడితనం చూస్తే నాకు పిడుదు జ్వరం గుర్తొస్తుంది.

మన దగ్గర కుక్కల మీద కనిపించే గోధుమరంగు పిడుదు ఎర్లీకియా అనే సూక్ష్మక్రిమిని మోసుకొస్తుంది. కుట్టిన తర్వాత జబ్బు బయటపడడానికి ఎనిమిది నుంచి ఇరవై రోజులు పడుతుంది. దీన్ని రాకీకి అన్వయించి చూడండి. మీకు పిడుదులు కనబడేనాటికి అవి దాని ఒంటి మీద చేరి పది పదిహేను రోజులై ఉంటుంది. మీరు శనివారం మందు వేశారు. లోపల అప్పటికే పెరుగుతున్న జబ్బు మంగళవారం బయటపడింది. మందు వేశాకే పడుకుండిపోయింది కదా, మందు వల్లే అనుకుని ఇంట్లోవాళ్లు నాలుగు రోజులు ఆగుతారు. ఆ నాలుగు రోజుల్లో రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ముక్కు నుంచి రక్తం కారాక తీసుకొచ్చిన కుక్కల్ని చాలా చూశాను.

పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. పాలిపోయినా, ఎర్రటి చుక్కలు కనిపించినా ఆగకండి. పొట్ట కింద వెంట్రుకలు తక్కువగా ఉండే చోట కూడా అలాంటి చుక్కల కోసం చూడండి. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తోందేమో గమనించండి. అలా వస్తే బెబీసియా అనే ఇంకో పిడుదు జబ్బు కావచ్చు, దానికి మందు వేరు. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. మనిషి లెక్కతో చూసి భయపడొద్దు, 103 దాటితే మాత్రం జ్వరమే. జ్వరం ఉందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ వేయకండి. ప్లేట్‌లెట్ల లెక్క, రక్తం స్మియర్ (గాజు పలక మీద రక్తపు చుక్క పూసి మైక్రోస్కోపులో చూసే పరీక్ష) అడగండి. ఎర్లీకియా అని తేలితే డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు ఇస్తారు. మూడో రోజుకే కుక్క లేచి తిరుగుతుంది, అప్పుడు మందు ఆపేయకండి.

ఇక చిన్ని దగ్గరికి వస్తాను.

పెట్టె మీద ఉన్న పేర్లు చూసి రాశారు చూడండి, అది చాలా మంచి పని చేశారు. ఇమిడాక్లోప్రిడ్, పెర్మెత్రిన్. ఈ రెండో పేరు చూడగానే నాకు కథంతా అర్థమైంది. మందు నకిలీది అనుకోనక్కర్లేదు. అసలు మందే పిల్లిని ఇలా చేస్తుంది. కుక్కకు సరిపడే మందు పిల్లికి విషం కావడానికి కారణం కాలేయంలో ఉంది. మన కాలేయం, కుక్క కాలేయం ఇలాంటి పదార్థాలకు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించి, నీళ్లలో కరిగేలా చేసి బయటికి పంపేస్తాయి. పిల్లి తరతరాలుగా మాంసం తప్ప తినని జంతువు. మొక్కల్లోని ఘాటు పదార్థాలను విరిచే అవసరం దానికి పెద్దగా రాలేదు. ఆ పని చేయాల్సిన ముఖ్యమైన జన్యువు ఒకటి పిల్లిలో పనిచేయదు. పిల్లికి ఒక్క పారాసిటమాల్ మాత్ర ప్రాణం మీదికి తేవడానికీ ఇదే లోపం కారణం. మందు ఒంట్లోనే తిరుగుతూ నరాల మీద పనిచేస్తూ ఉంటుంది. నరంలో సోడియం వెళ్లే దారులను మూసుకోనివ్వదు. నరం ఒకసారి కొట్టాల్సిన చోట పదిసార్లు కొడుతుంది. మీరు చూసిన వణుకు అదే.

ఎంత మందు పడితే అలా అవుతుందో లెక్క వేసి చూడండి. కుక్కల చుక్కల మందుల్లో పెర్మెత్రిన్ 45 నుంచి 65 శాతం దాకా ఉంటుంది. మీరు వాడిన జంట మందులో సాధారణంగా 50 శాతం, అంటే ఒక మిల్లీలీటరులో 500 మిల్లీగ్రాములు. నాలుగు కిలోల పిల్లి మీద ఒక్క మిల్లీలీటరు పడితే కిలోకు 125 మిల్లీగ్రాములు. కిలోకు 100 దగ్గరే ప్రాణాపాయం మొదలవుతుంది. పెద్ద కుక్క గొట్టం అడుగున మిగిలిందంటే అర మిల్లీలీటరు ఉండొచ్చు, ఇంకా ఎక్కువే ఉండొచ్చు. పైగా పిల్లి ఆ చోటును నాకి లోపలికీ తీసుకుంటుంది. కొన్ని ఇళ్లలో ఎవరూ పిల్లికి రాయరు. మందు ఆరని కుక్క మెడ పక్కన పిల్లి పడుకుంటుంది, లేదా దాని ఒళ్లు నాకుతుంది. అదే చాలు.

ఇలాంటి కేసు మొదటిసారి నా చేతికి వచ్చిన రాత్రి ఇప్పటికీ కళ్లముందే ఉంది. తండ్రీకూతుళ్లు స్కూటర్ మీద వచ్చారు. పిల్లిని పాత తువ్వాలులో చుట్టి పాప గుండెలకు అదుముకుని కూర్చుంది. టేబుల్ మీద దించాం. ముందు చెవి కొసలు అదురుతున్నాయి, ఈగ వాలితే విదిలించినట్టు. తర్వాత ముందు కాలు ఎత్తి విదిలించింది. తడి నేల మీద అడుగు పెట్టిన పిల్లి నీళ్లు దులుపుకుంటుంది కదా, అచ్చం అలా. కానీ నేల పొడిగా ఉంది. పక్క గదిలో తలుపు చప్పుడైంది. అంతే, ఒళ్లంతా ఒక్కసారి బిగుసుకుంది. కనుపాపలు పెద్దవై కళ్లు నల్లటి గుండీల్లా ఉన్నాయి. వణికి వణికి ఒళ్లు కాలిపోతోంది. మెడ మీద చేయి వేస్తే జిడ్డుగా తగిలింది. వాసన చూశాను, పురుగుల మందు వాసన. అప్పుడు అడిగాను, ఇంట్లో కుక్క ఉందా అని. తండ్రి తలవంచుకున్నాడు. తెలియక చేసిన పనికి ఆయన తనను తాను ఎంత నిందించుకున్నాడో చూశాను. మీ ఉత్తరంలోనూ ఆ బాధే ఉంది. మీ తప్పు కాదమ్మా. ఆ పెట్టె మీద పిల్లికి వాడకూడదన్న హెచ్చరిక చిన్న అక్షరాల్లో ఉంటుంది. అమ్మేవాళ్లు నోటితో చెప్పాల్సిన మాట అది.

ఇలాంటప్పుడు ఇంట్లో ఏం చేయాలో అందరూ తెలుసుకోవాలి, ఎందుకంటే మొదటి గంట మీ చేతుల్లోనే ఉంటుంది. పిల్లికి స్పృహ ఉండి, ఫిట్స్ రాకుండా ఉంటే వెంటనే మందు పడ్డ చోట కడగండి. పెంపుడు జంతువుల షాంపూ కంటే గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు మంచిది, ఎందుకంటే ఈ మందు నూనెలో ఉంటుంది, జిడ్డు వదిలించేది కావాలి. రెండు మూడుసార్లు నురగ తెప్పించి కడగండి. చేతులకు గ్లవ్స్ వేసుకోండి. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. ఇది చాలామంది తప్పు చేసే చోటు. వేడినీళ్లు పోస్తే చర్మంలో రక్తం ఎక్కువగా పారి మందు ఇంకా లోపలికి పోతుంది. చన్నీళ్లు పోస్తే ఇంకా ప్రమాదం. ఈ జాతి మందులు ఒళ్లు చల్లబడే కొద్దీ నరాల మీద మరింత గట్టిగా పనిచేస్తాయి. ఒళ్లు కాలిపోతోందని ఐసు పెట్టకండి. కడిగాక పొడి తువ్వాలుతో ఒత్తి ఆరబెట్టి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉండే పెట్టెలో పెట్టి ఆసుపత్రికి బయల్దేరండి. ఫిట్స్ వస్తున్న పిల్లిని కడుగుతూ కూర్చోకండి, ముందు బయల్దేరండి, అక్కడ కడుగుతారు. పాలు పట్టొద్దు, నూనె పట్టొద్దు, ఉప్పు నీళ్లతో వాంతి చేయించొద్దు. వణుకుతున్న జంతువు నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

దీనికి సూటిగా విరుగుడు లేదు. వణుకును మెథోకార్బమాల్ అనే కండరాల మందు బాగా అదుపు చేస్తుంది. ఫిట్స్ ఆపడానికి ఇచ్చే డయాజిపామ్ ఒక్కటే చాలాసార్లు సరిపోదు. తీవ్రమైన కేసుల్లో సిరలోకి కొవ్వు ద్రావణం ఎక్కిస్తాం. మనుషుల ఐసీయూల్లో తిండి తినలేని రోగులకు పెట్టే తెల్లటి సీసా అది. నూనెలో కరిగే విషాన్ని రక్తంలోని ఆ కొవ్వు పట్టుకుంటుందని చెబుతారు. ఎలా పనిచేసినా, మంచం పట్టిన పిల్లులు దీంతో త్వరగా లేవడం నేను చూశాను. సరైన వైద్యం అందిన పిల్లుల్లో ఎక్కువ భాగం రెండు మూడు రోజుల్లో కోలుకుంటాయి. నరాల్లో శాశ్వతమైన లోపం మిగలడం అరుదు. చిన్ని తింటోంది, గెంతుతోంది అని రాశారు కాబట్టి మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇదే: భయం వదిలేయండి. ఇంకో వారం పాటు చెవులు అదరడం మళ్లీ కనిపిస్తుందేమో చూస్తే చాలు.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి, లేకపోతే ఇది చదివినవాళ్లు ప్రతి చిన్నదానికీ హడలిపోతారు. పిల్లికి పిల్లి మందే వేసినా, అది ఎలాగో ఆ చోటు నాకితే చేదుకు నోటి నిండా నురగ వస్తుంది, చొంగ కారుతుంది. చూడ్డానికి భయంగా ఉంటుంది. నీళ్లు తాగాక కాసేపట్లో తగ్గిపోతుంది. నురగ ఒక్కటే ఉండి, పిల్లి చురుగ్గా తిరుగుతుంటే అది రుచి గొడవ. నురగతో పాటు అదరడం, తూలడం, చప్పుడుకు ఉలిక్కిపడడం ఉంటే విషం. మందు వేసిన చోట ఎర్రబడడం, కొన్ని వెంట్రుకలు రాలడం కూడా ఏ మందుకైనా రావచ్చు. కడిగేసి, ఇంకోసారి ఆ మందు వాడకుండా ఉంటే సరి. మొహం వాచి, దద్దుర్లు లేచి, ఆయాసపడుతుంటే మాత్రం అది అలర్జీ, గంట కూడా ఆగకూడదు.

మూడో ప్రశ్నకు వచ్చేముందు మన ఊళ్లలో వాడే మిగతా మందుల గురించి చెప్పాలి. మందు వికటించిందని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి తాము ఏం వాడారో తెలియదు. నీలం సీసా అంటారు, తెల్ల డబ్బా అంటారు. ఒక్కో మందుకు హాని ఒక్కోలా ఉంటుంది, వైద్యం కూడా వేరు. ఒకదానికి ప్రాణం పోసే ఇంజక్షన్ ఇంకోదానికి చేటు చేస్తుంది.

అమిట్రాజ్ తీసుకోండి. స్నానం చివర నీళ్లలో కలిపి పోసే మందు. 12.5 శాతం ద్రావణంగా చిన్న సీసాల్లో వస్తుంది. పిడుదులకు లీటరుకు రెండు మిల్లీలీటర్లు కలిపితే 0.025 శాతం అవుతుంది, అంతకంటే ఎక్కువ ఎప్పుడు కలపాలో డాక్టరు చెప్పాలి. మన ఇళ్లలో మూత కొలత. ఒక మూత, ఒక మగ్గు. మగ్గులో లీటరు కూడా పట్టదు, మూతలో ఐదు మిల్లీలీటర్లు పడుతుంది. రెండున్నర రెట్లకు పైగా చిక్కగా పోశాక కుక్క కాసేపట్లో మత్తులో జోగుతుంది. ఒళ్లు చల్లబడుతుంది, గుండె నెమ్మదిస్తుంది, పొట్ట ఉబ్బుతుంది, కనుపాపలు విచ్చుకుంటాయి. రక్తంలో చక్కెర పెరుగుతుంది. అందుకే సంగతి తెలియని చోట దీన్ని మధుమేహం అనుకుంటారు. గుండె నెమ్మదించిందని అట్రోపిన్ ఇస్తే రక్తపోటు ఎగబాకుతుంది, పేగుల కదలిక ఇంకా ఆగిపోతుంది. దీనికి అసలైన విరుగుళ్లు యోహింబిన్, అటిపామెజోల్. అదే కుక్కకు పొలాల్లో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందు పూసి ఉంటే చొల్లు కారుతూ, విరేచనాలు అవుతూ, కనుపాపలు సూదిమొనంత అయిపోయి వస్తుంది. దానికి అట్రోపినే ప్రాణం. పేరు తెలియకపోతే డాక్టరు చేయి ఎటు వెళ్లాలో తెలియదు. ఆ జాతి మందుల్లో డైక్లోర్వాస్ లాంటివి కొన్ని మన దేశంలో 2020 డిసెంబరు 31తో నిషేధమయ్యాయి. అయినా పాత సీసాలు ఇళ్లలో, పశువుల కొట్టాల్లో ఉన్నాయి, పిడుదుల మీద పూస్తున్నారు. దయచేసి ఆ సీసాలు కుక్క దగ్గరికి తేకండి. అమిట్రాజ్ పిల్లికి అసలు వద్దు, నాలుగు నెలల లోపు కుక్కపిల్లలకు వద్దు, షుగరు ఉన్న కుక్కకు వద్దు. కలిపిన నీళ్లు దాచి రేపు పోయడం కూడా వద్దు.

ఐవర్‌మెక్టిన్ గురించి రాయడానికి నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తెల్ల కాళ్ల కోలీ జాతి కుక్కకు గజ్జికి, పిడుదులకు కలిపి నేనే ఇంజక్షన్ ఇచ్చాను. అప్పట్లో అందరం ఇచ్చేవాళ్లం. మర్నాటికి ఆ కుక్క గోడకు తల ఆనించి నిలబడింది, కళ్లు కనిపించడం లేదు. తర్వాత లేవలేదు. పది రోజులు తిప్పి పడుకోబెట్టి, గొట్టంతో తిండి పెట్టి దక్కించుకున్నారు ఆ ఇంటివాళ్లు. కారణం నాకు తర్వాత తెలిసింది. మెదడులోకి మందు రాకుండా బయటికి తోసే పంపు లాంటి ప్రోటీన్ ఒకటి ఉంటుంది. ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఉన్న కుక్కల్లో ఆ పంపు పనిచేయదు. 2001లో అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో ఇది తేల్చారు. కోలీలు, షెట్లాండ్ షీప్‌డాగ్‌లు, ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లు ఎక్కువగా ఈ కోవలోకి వస్తాయి. జర్మన్ షెపర్డ్‌లలో కూడా కొన్నింటికి ఉంటుంది. గుండె పురుగులు రాకుండా ఇచ్చే నెలసరి మోతాదు కిలోకు ఆరు మైక్రోగ్రాములే, అది వాటికి కూడా ఏమీ చేయదు. గజ్జికి ఇచ్చే మోతాదు కిలోకు 300 నుంచి 600 మైక్రోగ్రాములు. ఆ తేడా చూడండి. ఇక పశువుల కోసం చేసిన ఒక శాతం ఇంజక్షన్‌లో మిల్లీలీటరుకు పది మిల్లీగ్రాములు ఉంటుంది. సిరంజిలో గీత తప్పితే చిన్న కుక్కకు పది రెట్లు పడుతుంది. పిడుదులకు ఇది గొప్ప మందు కూడా కాదు. ఎవరైనా పిడుదుల ఇంజక్షన్ చేస్తామంటే, మందు పేరేమిటి, నా కుక్క జాతికి ఇది ఫర్వాలేదా అని అడగండి.

పిడుదులకు ఇచ్చే నమిలే మాత్రల మీద ఇంటర్నెట్‌లో చాలా భయం ఉంది. అఫాక్సోలానర్, ఫ్లూరలానర్, సారోలానర్, లోటిలానర్ అనే నాలుగు పేర్లు ఒకే కుటుంబానివి. 2018 సెప్టెంబరులో అమెరికాలో మందులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ వీటిపై హెచ్చరిక ఇచ్చింది. కొన్ని కుక్కలు, పిల్లుల్లో కండరాల వణుకు, తూలడం, ఫిట్స్ వచ్చాయని, అంతకుముందు ఎప్పుడూ ఫిట్స్ లేనివాటికి కూడా వచ్చాయని చెప్పింది. అదే ప్రకటనలో ఎక్కువ జంతువులకు ఇవి సురక్షితమే అని కూడా చెప్పింది, ఆ సగం ఎవరూ పంచుకోరు. నా అనుభవమూ అదే. వీటితో నేను తరచూ చూసేది ఒక వాంతి, ఒక పూట విరేచనం, కాస్త మందకొడితనం. కానీ కుక్కకు గతంలో ఒక్కసారి ఫిట్స్ వచ్చినా నేను ఇవి రాయను. ఎందుకంటే చుక్కల మందును కడిగేయొచ్చు, మింగిన మాత్రను కడగలేం. ఫ్లూరలానర్ మాత్ర పన్నెండు వారాలు ఒంట్లో ఉంటుంది. మొదటిసారి ఇచ్చేటప్పుడు నెల మాత్రతో మొదలుపెట్టమంటాను. ఆదివారం సాయంత్రం కాదు, ఆసుపత్రి తెరిచి ఉండే రోజు పొద్దున, అన్నం పెట్టి ఇవ్వండి.

కుందేళ్లు పెంచేవాళ్లకు ఒక్క మాట. ఫిప్రోనిల్ స్ప్రే, చుక్కలు కుక్కకు, పిల్లికి మామూలుగా వాడతాం. కుందేలుకు మాత్రం అది ప్రాణం తీస్తుంది. కిరోసిన్, పొగాకు కషాయం, నేల కడిగే ఫినాయిల్ ఏ జంతువు ఒంటికీ పూయకండి. ఫినాయిల్ జాతి పదార్థాలనూ పిల్లి కాలేయం విరచలేదు.

ఎక్కువ ప్రమాదాలకు మూలం మందు ఒక్కటే కాదు, తొందర కూడా. మాత్ర వేసిన రాత్రే పిడుదులు వెంట్రుకల పైకి వచ్చి తిరుగుతుంటాయి. మందు ఎక్కి, చచ్చేముందు అవి అలా కదులుతాయి. మాత్ర పూర్తిగా పని చేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఇంట్లోవాళ్లు మాత్ర పనిచేయలేదని పొడి చల్లుతారు. మర్నాడు ఇంకా ఉన్నాయని స్ప్రే కొడతారు. మూడో రోజు మెడకు పట్టీ కడతారు. నాలుగో రోజు కుక్క తూలుతూ వస్తే, దాని ఒంట్లో నాలుగు మందులు ఉంటాయి, ఏది చేసిందో ఎవరూ చెప్పలేరు. ఒక మందు వేయండి, రెండు రోజులు ఓపిక పట్టండి, దువ్వెనతో దువ్వి సబ్బునీళ్ల గిన్నెలో వేయండి.

మీ మూడో ప్రశ్న: ఇక ఏ మందూ వాడకూడదా? వాడాలమ్మా. పిడుదు జ్వరానికి పోయిన కుక్కలు నా లెక్కలో మందు వికటించి పోయినవాటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మీ ఇంట్లో పిల్లి ఉంది కాబట్టి పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ అని పేరు చివర మెత్రిన్ ఉన్నవి గడప దాటనివ్వకండి. రాకీకి ఇంతవరకు ఫిట్స్ రాలేదంటే, రక్తపరీక్ష అయ్యాక, దాని బరువుకు తగ్గ నెల మాత్ర మంచిది. మాత్ర లోపలికి పోతుంది కాబట్టి చిన్నికి అంటదు. బరువు చూడడం సులువే. మీరు రాకీని ఎత్తుకోగలిగితే, ఎత్తుకుని మనుషుల తూకం మీద నిలబడండి, తర్వాత మీ బరువు తీసేయండి. లేకపోతే క్లినిక్‌లో తూచమనండి. చిన్నికి పిల్లి బొమ్మ, పిల్లి బరువు రాసి ఉన్న మందే. సెలమెక్టిన్ గానీ పిల్లుల ఫిప్రోనిల్ గానీ మీ డాక్టరుగారితో మాట్లాడి, ఇంకో మూడు నాలుగు వారాలు గడిచాక వేయండి. ఇప్పుడే వద్దు, దాని కాలేయాన్ని ఊపిరి పీల్చుకోనివ్వండి. పెద్ద గొట్టం కొని ఇద్దరికీ పంచడం, ఆ అలవాటు మాత్రం ఎప్పటికీ వద్దు.

ఒంటి మీద వేసే మందు ఒక్కటే వేస్తే నెలలోపే మళ్లీ పిడుదులు కనిపిస్తాయి. తాగి ఉబ్బిన ఆడ పిడుదు కుక్క మీద గుడ్లు పెట్టదు. రాలిపడి, గోడ ఎక్కి, చీకటి పగులులో దూరి వెయ్యికి పైగా, కొన్నిసార్లు నాలుగు వేల దాకా గుడ్లు పెడుతుంది. ఈ జాతి పిడుదు తన బతుకంతా ఇంట్లోనే గడపగలదు. రాకీ పడుకునే చోట గోడకు, నేలకు మధ్య ఉన్న సందు, తలుపు చట్రం వెనక, కర్టెన్ మడతల పైభాగం, మంచం కింద పలకల అతుకులు టార్చి వేసి చూడండి. రాకీ దుప్పట్లు మరిగే నీళ్లలో ఉతకండి. ఆ పగుళ్లు సిమెంటుతోనో వైట్ సిమెంటుతోనో పూడ్చేయండి. పూడ్చిన పగులు ఏ మందు కంటే ఎక్కువ కాలం పనిచేస్తుంది. ఇంటికి పురుగుల మందు కొట్టించాల్సి వస్తే, కొట్టేవాళ్లను మందు పేరు అడిగి రాసుకోండి. చిన్నిని అంతకుముందే వేరే ఇంట్లో వదిలి, నేల పూర్తిగా ఆరి, తుడిచాక తీసుకురండి. నేనైతే మూడు రోజులు ఆగమంటాను.

ఆ పాత పెట్టె, గొట్టం పారేయకండి. బ్యాచ్ నంబరు కనబడేలా ఫోటో తీసి, జరిగింది తేదీలతో రాసి కంపెనీకి పంపండి. మీ డాక్టరుగారి దగ్గర చిన్ని చికిత్స కాగితం కాపీ తీసుకుని దానికి జత చేయండి. రాత్రివేళ మీ దగ్గర ఏ క్లినిక్ తెరిచి ఉంటుందో ఇప్పుడే కనుక్కుని ఫోన్‌లో పెట్టుకోండి. గన్నవరంలో వెటర్నరీ కాలేజీ మీకు దగ్గరే, తీవ్రమైన కేసులు అక్కడికి తీసుకెళ్లొచ్చు.

రాకీ రక్తపరీక్ష రిపోర్టు రాగానే ప్లేట్‌లెట్ల సంఖ్య ఇక్కడ రాయండి. లక్ష కంటే తక్కువ ఉంటే, నా జవాబు కోసం ఎదురుచూడకుండా అదే సాయంత్రం మీ డాక్టరుగారికి చూపించి మందు మొదలుపెట్టించండి.